మాడుకు ఆముదం

శాంతమ్మకు పేరులో ఉన్న శాంతం మనిషిలో లేదు. కళ్ళు మూసుకుని కూర్చోమంటే కూర్చుంటుంది గానీ చెయ్యి ఊరుకోదు. మెల్లగా నెత్తిమీదికి పోతుంది, జడ మొదట్లో తడుముతుంది. వేళ్ళకు చుట్టుకొచ్చిన వెంట్రుకల్ని ఒంటికన్నుతో చూసుకుని, నిట్టూర్చి, మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. అదీ ఆమె ధ్యానం.

చివరికి ఒకరోజు ఇక పట్టలేక గురువమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మనసు నిలుస్తలేదు గురువమ్మా."

గురువమ్మ అసలు పేరు మాణిక్యమ్మ. పాలమూరు మెట్టభూముల్లో ఆమె ఆశ్రమం. శాంతమ్మ ఉండేదీ అక్కడే. ఆశ్రమమంటే పెద్దగా ఏమీ లేదు, పెంకుల ఇల్లు, ఒక పందిరి, చుట్టూ ఆముదపు చేను. ఆ వేళ ఆమె పొయ్యి ముందు కూర్చుని ఆముదం వండుతోంది. వేయించి దంచిన గింజల ముద్ద నీళ్ళలో కుతకుత ఉడుకుతుంటే, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి పక్క గిన్నెలో పోస్తోంది.

"ఏడికి పోతున్నది మనసు?"

"నెత్తిమీదికి."

గురువమ్మ నవ్వలేదు. "చెప్పు," అంది.

శాంతమ్మ చెప్పింది. పోయిన వానాకాలం పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. అప్పటినుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతోంది. ఆమెకు అందం పిచ్చేం లేదు పాపం, దిగులంతా తల్లి గురించే. తల్లి బాలవ్వకు చూపు పోయి ఏళ్ళయింది. కూతురు ఎదురుపడితే చాలు, ముందు జడ అందుకుంటుంది. చేతిలో వేసుకుని బరువు చూస్తుంది. "ఆఁ, నా బిడ్డే," అంటుంది. బాగోగులు అడగడం ఆ తర్వాతే. ఒకప్పుడు పిడికిట పట్టని జడ అది. ఇప్పుడు ఎలకతోక.

"పున్నానికి వస్తనని మా తమ్మునితోని ఫోన్ చేయించింది. జడ చేతికి దొరకకపోతే అవ్వ ఏమైతదో! నేనేదో చచ్చి బతికిన్నని బెంగపెట్టుకుంటది. ఎట్ల గురువమ్మా?"

గురువమ్మ ఒక గిన్నె నిండా ఆముదం పోసి ఇచ్చింది. "కొబ్బరినూనెల కలుపు. వేళ్ళ కొసలతోని మెల్లగ రాయి. కొంచమే. వారానికి ఒక్కపారి."

"ఎంట్రుకలు వస్తయా?"

"నాకు తెలువదు. మాడు సల్లబడుతది. నిద్ర పడుతది."

"పున్నం దాకా వస్తయా అంటున్న."

గురువమ్మ గరిటె పైకెత్తి పట్టుకుంది. అంచున ఒక నూనె చుక్క వేలాడింది. సాగుతోంది, సాగుతోంది, కిందికి మాత్రం పడదు. శాంతమ్మ అది పడేదాకా ఆగలేదు. గిన్నె పట్టుకుని లేచిపోయింది.

వారానికి ఒకసారంటే వినే రకమా ఆమె! రోజూ పెట్టింది. కొబ్బరినూనె కలిపితే మందు పలచబడుతుందని తనే తీర్మానించుకుని ఉత్త ఆముదమే పెట్టింది. నుదుటిమీదికి కారింది, మెడమీదికి కారింది, దిండు జిడ్డోడింది. ఆశ్రమంలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "శాంతక్కా, ఒత్తి తెమ్మంటవా, దీపం ముట్టిద్దాం," అని ఏడిపించారు. ఆమె మాత్రం కాలుగాలిన పిల్లిలా అద్దానికీ క్యాలెండరుకీ మధ్య తిరుగుతూనే ఉంది. కొత్త వెంట్రుక ఒక్కటీ కనబడలేదు.

పున్నమి దగ్గరపడేసరికి ఆమెకు ఆముదం మీదే కోపం వచ్చింది. ఉన్నదంతా నెత్తిన కుమ్మరించుకుంది. తెల్లారి జిడ్డు వదలాలని జుట్టునంతా నడినెత్తికి కుప్పగా చేర్చి, వేడి వేడి నీళ్ళు, కుంకుడు రసం పోసుకుంటూ, మురికి బట్టను నలిపినట్టు గుండ్రంగా రుద్దింది, రుద్దింది. ఒళ్ళు తెలియకుండా రుద్దింది.

చెయ్యి తీసేసరికి జుట్టు అట్ట కట్టింది.

మామూలు చిక్కు కాదది. నడినెత్తిన కొబ్బరిపీచు ముద్ద పెట్టినట్టు ఒకే గడ్డ. దువ్వెన దిగదు, వేలు దూరదు. శాంతమ్మ తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చి గురువమ్మ ముందు కూలబడింది.

గురువమ్మ ఆమెను తన ముందు కూర్చోబెట్టుకుని, గడ్డ అంచున ఒక వెంట్రుక దొరకబుచ్చుకుని, దాన్ని ఒంటరిగా బయటికి లాగింది. తర్వాత ఇంకొకటి.

"వచ్చిందా?" అంది శాంతమ్మ.

"కదలకు."

"ఎంతవరకు వచ్చింది?"

"కదలకంటిగద."

పొద్దుగూకింది. గురువమ్మ ఒళ్ళో నాలుగు పాయలు పరుచుకుని ఉన్నాయి, గడ్డ గడ్డలాగే ఉంది. ఆమె నడుం నిటారుగా చేసుకుని అడిగింది. "రేపు గూడ ఇట్లనే కూసుంటవా? కత్తెర తెమ్మంటవా?"

శాంతమ్మకు కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, మెడ పట్టేసింది, ఓపిక ఎప్పుడో అయిపోయింది. "కత్తెరే తెండి," అనేసింది.

అంతే. జుట్టంతా కుదుళ్ళ దాకా పోయింది. తీరా అద్దం చూసుకున్నాక గొల్లుమంది. "ఎంత పని చేస్తిని గురువమ్మా! జర సేపు ఆగకపోతిని!" అని నెత్తి కొట్టుకోబోయి, బోడినెత్తి చేతికి తగిలి ఇంకా పెద్దగా ఏడ్చింది.

మర్నాడే పున్నమి. తెల్లవారగానే కొంగు కప్పుకుని బస్టాండు దగ్గర గాజుల దుకాణానికి పోయి సవరం కొనుక్కొచ్చింది. మంచి బారెడు సవరం. తలకు రుమాలు బిగించి, దానికి సవరం ముడేసి, పైన కొంగు కప్పి పిన్నులు పెట్టుకుంది. గుమ్మంలో గురువమ్మ నిలబడి చూస్తోందని అప్పుడు గమనించింది. చీవాట్లు పడతాయనుకుంది.

గురువమ్మ దగ్గరికి వచ్చింది. "పక్కకు జారింది," అని సవరం సరిచేసి వెళ్ళిపోయింది.

పొద్దెక్కాక బాలవ్వ వచ్చింది. కొడుకు ఆమెను పందిరి కింద చాపమీద కూర్చోబెట్టి మంచినీళ్ళకు పోయాడు. కూర్చుందో లేదో, "నా బిడ్డ ఏదీ?" అంటూ చెయ్యి చాపింది. శాంతమ్మ వచ్చి ముందు కూర్చుని, వీపు తిప్పి, సవరం తల్లి చేతికి అందేలా వెనక్కి వేసింది.

ఆ చెయ్యి జడకు తగిలేలోపల గిన్నెతో వచ్చిన గురువమ్మ దాన్ని పట్టుకుంది. అరచెయ్యి వెల్లకిల తిప్పి అందులో ఆముదం పోసింది.

"బాలవ్వా, మేం వండిన ఆముదమే. నీ బిడ్డ మాడుకు పెట్టు."

"అయ్యో తల్లీ, దానికేం భాగ్యం," అని ముసలామె చెయ్యి గుంటగా ముడుచుకుంది. "రా బిడ్డా, తల వంచు."

శాంతమ్మ గురువమ్మ వైపు చూసింది, ఈ గండం మీరే దాటించండన్నట్టు. గురువమ్మ గిన్నెలోకి చూస్తోంది. లేచి పోదామంటే పోవచ్చు. తర్వాత పెట్టుకుంటానంటే ఆ అమాయకురాలు నమ్ముతుంది కూడా. బాలవ్వకేమీ తొందర లేదు. ఆముదం అరచేతిలో కదలకుండా ఉంది, ఆమె చెయ్యి గాలిలో కదలకుండా ఉంది, ముఖం కూతురి వైపు తిరిగి ఉంది.

శాంతమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిన్ను తీసింది. కొంగు తీసింది. సవరంతో సహా రుమాలు ఊడదీసి పక్కన పెట్టి, తల వంచింది.

పసిపిల్లలకు పెట్టినట్టే బాలవ్వ మాడుమీద అరచెయ్యి చప్పున వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"జరమొచ్చెనా?"

"వచ్చింది అవ్వా."

"నాకు చెప్పకపోతివి."

బాలవ్వ చెయ్యి మళ్ళీ కదిలింది. నూనె రాస్తూ, మొలకల్లాంటి వెంట్రుకల్ని నిమురుతూ, నడినెత్తి దాటి కొంచెం వెనక్కి పోయింది. ఒకచోట వేలు గుండ్రంగా తిరిగింది. పక్కకు జరిగి మరోసారి తిరిగింది.

"సుడి," అంది బాలవ్వ. "ఇగో, ఇంకోటి!"

ముసలామె ముఖం విప్పారింది. "పురిట్ల నీ మాడుకు ఆముదం పెట్టుకుంట చూసిన ఈ రెండు సుళ్ళు. మళ్ల ఎంట్రుకలు గుబురుగ వచ్చె, నా చేతికి దొరకనేలేదు. కండ్లున్నప్పుడు గూడ దొరకలే." ఇంకో చెయ్యి కూడా తెచ్చి కూతురి తలను రెండు చేతుల మధ్య పట్టుకుంది. "ఇన్నేండ్లు ఏడ దాసినవే వీటిని?"

గురువమ్మ గిన్నె ఆమె చేతికి అందేలా జరిపి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. శాంతమ్మ వంచిన తల ఎత్తలేదు. ఇంక చాలని తల్లి అనేదాకా అలాగే కూర్చుంది.