జలుబుకి వేసిన వాయిదా

సముద్రం ఒడ్డున కొత్తపేటలో వలలు కుట్టే అప్పాయమ్మకు మనవరాలి మీద కొండంత ప్రేమ ఉండేది, ఎవరినీ అడగకుండా అన్నీ తానే తేల్చేసే అలవాటు అంతకు రెండింతలు ఉండేది.

మనవరాలు ముత్యాలుకి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు రాకుండా వేసే సూది వేయించాలి. బుధవారం అంగన్‌వాడీకి నర్సు సుగుణ వస్తుంది. సరిగ్గా ఆ పొద్దుటే పిల్లకి ముక్కు కారింది.

"ఈ పాలి ఒద్దే," అంది అప్పాయమ్మ కోడలు బంగారితో. "ఒక బాధ మీద ఇంకో బాధ పెడితే పసిగుడ్డు ఓర్సుకుంటాదా?"

"నర్సమ్మకి ఒకపాలి సూపిద్దాం అత్తా."

"సూపిస్తే పొడిసీదాకా ఒగ్గదు."

అంతటితో ఊరుకోలేదు. నర్సు ఇంటికే వస్తుందేమోనని, తల్లీబిడ్డా పుట్టింటికి వెళ్ళారని పొరుగింటావిడ చేత చెప్పించింది. సుగుణ నమ్మి వెళ్ళిపోయింది.

మరుసటి నెల పళ్ళొచ్చే వేళకి పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. ఆపై నెల ఒళ్ళు కాస్త వెచ్చబడింది. పసిపిల్లలకి నెలకో నలత మామూలే. పాపం, అప్పాయమ్మ ప్రతి నలతకీ ఒక వాయిదా వేస్తూ పోయింది. ప్రేమ లేక కాదు, ఎక్కువై.

నాలుగో నెలలో పేటకి తట్టు వచ్చింది. సూది వేయించుకున్న పిల్లలు చాలామంది తప్పించుకున్నారు. ముత్యాలు తప్పించుకోలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, ఒళ్ళంతా పేలింది. అప్పాయమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, పసుపునీళ్ళు చల్లి దణ్ణాలు పెట్టింది. మూడో రోజుకి పిల్ల డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయసాగింది. ఇక బంగారి అత్త మాట కోసం ఆగలేదు. పిల్లను భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తింది. అప్పాయమ్మ ఏడుస్తూ వెనకాలే వెళ్ళింది.

ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందన్నారు డాక్టర్లు. తొమ్మిది రోజులు ఆ పిల్ల ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియలేదు. పదో రోజు తల్లి దగ్గర పాలు తాగింది.

ఆ సాయంత్రం సుగుణ చూడ్డానికి వచ్చింది. అప్పాయమ్మ తల ఎత్తలేదు.

"నన్ను నాలుగు తిట్టమ్మా. నీకు అబద్ధం కూడా సెప్పించాను."

సుగుణ ఆమె పక్కన కూర్చుంది. "తిట్టను అమ్మా. పిల్ల బాధ చూడలేక చేశారు. కానీ జలుబున్నా, కాస్త ఒళ్ళు వెచ్చగా ఉన్నా సూది వెయ్యొచ్చు. జ్వరం ఎక్కువగా ఉంటే నేనే ఆపి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్తాను. మీరు తీసుకొస్తే కదా నేను చూసేది."

అప్పాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మనవరాలి తల నిమిరింది.

"దీనికి ఇంకా సూదులున్నాయి గదా. ఆ రోజుకి మళ్ళీ ముక్కు కారితే తీసుకురమ్మంటావా?"

ఆమె ఒకరిని అడిగి ఒక పని చెయ్యబోవడం బంగారి చూడటం అదే మొదలు.

"తీసుకురండి," అంది సుగుణ. "చూసి చెప్తాను."

చిన్న నలతకి జడిసి టీకా మానిపిస్తే పెద్ద జబ్బుకి దారి ఇచ్చినట్టే; వెయ్యాలో ఆపాలో మన ప్రేమని కాదు, తెలిసినవాళ్ళని అడగాలి.