జీపు బొమ్మలో నల్లగీత

ప్రసన్నకుమార్ జీపుకి ఆ ఆదివారం సాయంత్రంలోగా హెడ్‌లైట్లు వెలగాలి. తల్లి కరుణమ్మకి గుంటూరు ఆస్పత్రిలో డయాలసిస్. ఆమె వంతు మర్నాటి నుంచి పొద్దున్న ఆరింటికి మార్చారు. అంటే సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాలి. ఆ చీకట్లో మా ఊరికి వచ్చే బండి మరొకటి లేదు. జీపు లైట్లేమో ఆముదం దీపాల్లా మిణుకుమంటున్నాయి.

ప్రసన్నం పాలిటెక్నిక్‌లో లెక్చరరు. నలభై ఏడేళ్ళ వయసులో, ఆదివారాలు తెనాలి వెళ్ళి ఖాజా ఉస్తాద్ దగ్గర బండ్ల కరెంటు పని నేర్చుకుంటున్నాడు. నాకు పక్కింటివాడు కాబట్టి ఆ వేళ నేనూ వాళ్ళ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

జీపు వైరింగ్ డయాగ్రం సంపాదించి, పెద్దది చేయించి, గోడకు అంటించాడు. ఏ రంగు వైరుకి ఆ రంగు స్కెచ్ పెన్నుతో దిద్దాడు. చూడముచ్చటగా ఉంది. నాకు మా కాలేజీ కప్ప గుర్తొచ్చింది. జువాలజీ రికార్డులో కప్ప లోపలి భాగాలు ఎంత అందంగా వేసేవాణ్ణో! బల్ల మీద అసలు కప్పను కోస్తే మాత్రం అన్నీ ఒకే రంగు. పరీక్షలో పేగును చూపించి రక్తనాళం అన్నాను. సరే, కప్ప సంగతి వదిలేద్దాం.

మూడు రోజులు వెతికి వెతికి ఓడిపోయి, ప్రసన్నం ఉస్తాద్‌ని ఇంటికే తీసుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, స్కూటరు వెనక కూర్చుని వచ్చాడు.

"స్విచ్చి అమ్మినవాడు నాసిరకం అంటగట్టాడు ఉస్తాద్. మార్చాను. బల్బులూ మార్చాను. ఇదివరకు చేసిన మెకానిక్ అతుకులన్నీ అడ్డదిడ్డం. విప్పి మళ్ళీ కట్టాను. డయాగ్రంలో ఒక్క గీత వదల్లేదు. లైటు దాకా పన్నెండు ఓల్టులూ వస్తున్నాయి!"

"అందరినీ బాగానే తిట్టావు బేటా. ఇంకెవరైనా మిగిలారా?"

"జీపు తయారుచేసినవాళ్ళు మిగిలారు."

వరండాలోంచి కరుణమ్మ అంది: "ఉస్తాద్ గారూ, వాడు పొద్దుట్నించీ అన్నం తినలేదు, మీరైనా చెప్పండి. రేపటికి నేను మానేస్తాలే, ఒక్కసారికి ఏం కాదు."

"నువ్వూరుకో అమ్మా," అన్నాడు ప్రసన్నం.

ఉస్తాద్ గోడ వైపు చూసి, "బొమ్మ బాగుంది," అన్నాడు. జేబులోంచి బారెడు వైరు తీశాడు. లైట్లు వేయమన్నాడు. వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, రెండో కొస లైటు వెనక ఉన్న నల్లవైరుకీ ఆనించాడు.

ఎదురుగోడ ఒక్కసారిగా తెల్లగా మెరిసింది.

వైరు తీశాడు. మళ్ళీ ఆముదం దీపం.

ప్రసన్నం డయాగ్రం దగ్గరికి వెళ్ళాడు. లైటు నుంచి బయల్దేరి, జీపు ఇనుప బాడీని తాకే చోట ఆగిపోయే నల్లగీత ఒకటుంది. కరెంటు ఆ ఇనుము మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి అది. నలుపుని దిద్దేదేముందని దాన్నొక్కదాన్నే వదిలేశాడు. తిరిగొచ్చి, నల్లవైరు వెంట వేళ్ళతో తడుముకుంటూ అది బిగించిన బోల్టు దాకా వెళ్ళాడు. బోల్టు విప్పాడు. దాని కింద, వైరుకీ ఇనుముకీ మధ్య అడ్డంగా, పచ్చగా నిగనిగలాడే రంగు.

ఆ రంగు వేసింది ప్రసన్నమే. పోయిన నెల సెలవు పెట్టి మరీ రెండు పూతలు వేశాడు. బోల్టులన్నీ విప్పి, వాటి కిందా వదలకుండా వేశానని వీధంతా చెప్పుకున్నాడు.

బోల్టు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఉస్తాద్ చిన్న చాకు తీసి అతని రెండో చేతిలో పెట్టాడు.

"ఎంత నున్నగా వేశావు బేటా! మా తెనాలిలో ఇలా వేసేవాడు లేడు. గీకు."

ప్రసన్నం పైపైన రెండు గీతలు గీశాడు. చెయ్యాడలేదు.

ఉస్తాద్ పక్కనే గొంతుక్కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"ఇనుము కనబడేదాకా."