సారపప్పు మీది పొర

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మల్లినాథయ్యగారికి లేదు. ఏదో ఒక పని పురమాయించి ఊరుకునేవారు. అందువల్ల నల్లమల అంచున ఉన్న ఆయన వైద్యశాలలో శిష్యుల చేతులు కాయలు కాచేవి గాని సందేహాలు ఓ పట్టాన తీరేవి కావు. పినాకపాణికి అసలు సందేహాలే తక్కువ. తనకన్నీ తెలుసునన్న ధీమా అతనిది. అందులో సగం నిజం కూడా.

ఆ వేసవిలో ఈదమ్మ అనే చెంచు ఇల్లాలు, నిండు చూలాలు, బుట్టెడు మొర్రిపండ్లు తెచ్చి అరుగు మీద దించింది. తొలి కానుపయ్యాక ఆమె ఒంట్లో నెత్తురు లేక మంచం పట్టింది. పాలు చాలక బిడ్డ దక్కలేదు. "ఈ తూరి నా బిడ్డను నిలబెట్టు సామీ" అని ఎదురుపడిన పాణికే చెప్పుకుంది. పాణి వెనకాముందూ చూడకుండా మాట ఇచ్చేశాడు. ఆ పండ్ల గింజల్లోని సారపప్పుతో చేసే బాలింత మందు తన చేతి మీదుగా కుదిరితే సొంతంగా వైద్యం చేసుకోవడానికి గురువుగారు సెలవిస్తారని కూడా అతని ఆశ.

పండ్ల గుజ్జు పిసికి, గింజలు పగలగొట్టి, సారపప్పు తీశాక అతను అడిగాడు: "గురువుగారూ, పప్పులో బలమంతా నూనెలోనే ఉంది గదా. పైనున్న ఈ పొర వగరుకు తప్ప ఎందుకూ కొరగాదు. తీసేస్తే తప్పేమిటి?"

గురువుగారు పప్పును రెండు కుప్పలు చేశారు. "సగం నీ ఇష్టప్రకారం చేసుకో నాయనా. సగం నా పద్ధతిన ఉంటుంది."

పాణి తన వాటాను నానబెట్టి, రుద్ది రుద్ది పొర వలిచి, గలగలలాడేదాకా ఎండబెట్టి జాడీకెత్తాడు. తెల్లగా మెరిసిపోయే ఆ పప్పు పక్కన గురువుగారిది మట్టిరంగులో వెలవెలబోయింది. రెండు జాడీలూ ఒకే అటక మీదికి చేరాయి. వచ్చినవాళ్లందరికీ పాణి తన తెల్లపప్పు సంగతి చెప్పుకుని మురిసిపోయాడు.

వానలు ముదిరాక ఈదమ్మ పసిదాన్ని రొమ్ముకు కట్టుకుని, వాగు దాటి వచ్చింది. ఆమె కనురెప్పల లోపల ఎరుపన్నదే లేదు. పాణి తన జాడీ దించి, గుప్పెడు పప్పు బెల్లంతో దంచి ముద్ద చేశాడు. మందు చేసినవాడు రోగి కళ్లెదుటే మొదటి ముద్ద తినాలన్నది ఆ వైద్యశాల ఆచారం. పాణి ధీమాగా నోట్లో వేసుకున్నాడు.

పాత నూనె కంపు గుప్పుమంది. మింగలేడు, కక్కలేడు. ఈదమ్మ అతని మొహంకేసే ఆశగా చూస్తోంది. మింగి నవ్వితే పరువు దక్కుతుంది, కానీ అదే ముద్ద ఆ తల్లికి పెట్టాలి. అడవిలో మొర్రి మళ్లీ పండేది వచ్చే వేసవికే. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. లేచి వెళ్లి పెరట్లో ఉమ్మేసి వచ్చాడు.

"తినకు తల్లీ. నేను చేసింది చెడిపోయింది."

గురువుగారు తన జాడీ తెచ్చి శిష్యుడి ముందు పెట్టారు. పాణి మళ్లీ దంచాడు, మళ్లీ మొదటి ముద్ద తిన్నాడు. నిన్న మొన్న పగలగొట్టినట్టుంది పప్పు. ఈదమ్మ నోట్లో పెట్టుకుని, "వగరుగా ఉండాదే సామీ" అంది. "వగరే. బాగా నమిలి తినమ్మా" అన్నాడు పాణి.

ఈ కాలపు చదువుకున్నవాళ్లు అలాంటి వగరులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయంటారు. మల్లినాథయ్యగారికి ఆ పేరు తెలియదు.

చలికాలంలో ఈదమ్మ మళ్లీ వచ్చినప్పుడు చంకలో బిడ్డ కుదురుగా ఉండక గురువుగారి గడ్డం పట్టి లాగింది. సెలవు మాట ఎత్తడానికి పాణికి నోరు రాలేదు. ఆమె వెళ్లాక మాత్రం ఉండబట్టలేక అడిగాడు: "ఒకే పప్పు, ఒకే అటక. నాది ఎందుకు చెడింది గురువుగారూ?"

గురువుగారు గడ్డం సవరించుకున్నారు.

"వానాకాలమంతా జాడీలో నూనెకు కావలి కాసింది ఆ పొర. ఒంట్లోకి పోయాక ఊరికే కూర్చుంటుందా నాయనా?"