మామ మీద ఉప్పు

ఉప్పలవారిపాలెంలో పేరయ్య, పెళ్ళాం గంగాలు, తమ్ముడు కోటేశు ఉండేవాళ్ళు. "మా ఇంట్లో తెలివి ఎక్కువైపోయి అటక మీద కూడా పెట్టుకున్నాం" అని పేరయ్య ఊరంతా చెప్పుకునేవాడు.

ఒకరోజు గంగాలు తండ్రి బసవయ్య వస్తున్నానని కబురు పెట్టాడు. అల్లుడి తెలివి గురించి నలుగురూ నాలుగు రకాలుగా అంటుంటే తనే చూసిపోదామని.

"ఏవయ్యా, ఇత్తడి బిందె నల్లబడింది. చింతపండూ ఉప్పూ పట్టించి రుద్దు, నలుపు పోతుంది" అంది గంగాలు.

రుద్దాడు. బిందె తళతళలాడింది. పేరయ్య పొంగిపోయాడు. ఇంకేముంది! ఇంట్లో నల్లగా ఉన్నదేమిటా అని వెతికితే మామ ఇచ్చిన గేదె కనబడింది. దానికీ పట్టించాడు. గేదె ఒళ్ళంతా నాక్కుంది, దాహం పుట్టి కుడితితొట్టి ఖాళీ చేసింది, అదీ చాలక తొట్టిని బోర్లా తన్నింది. నలుపు మాత్రం పోలేదు.

"రుద్దడం నాకే చేతకాలేదు" అని పేరయ్య నెత్తి కొట్టుకుంటుండగా బసవయ్య సైకిలు దిగాడు. చింతపండు గుజ్జులో గేదెను చూశాడు. అంతే!

"పదమ్మా గంగాలూ! ఈ వెర్రివాళ్ళ మధ్య నువ్వొద్దు!"

పేరయ్య కంగారుపడ్డాడు. పెళ్ళాం వెళ్ళిపోతే ఎలా?

"అన్నా, మామ ఉడికిపోతున్నాడు!" అన్నాడు కోటేశు. "ఐసులో ఉప్పేస్తే ఇంకా చల్లబడుతుందని ఐసుబండివాడు చెప్పాడుగా!"

ఇంకేముంది, మజ్జిగలోకని తెచ్చిన ఐసుగడ్డ దంచి, ఉప్పు కలిపి, మామ నెత్తిన కుమ్మరించారు. బసవయ్య పళ్ళు టకటకలాడాయి.

"ఒరే, సైకిలు మీదా పడిందిరా! ఉప్పు ఇనుమును తినేస్తుందిరా!" అని అరిచాడు.

పేరయ్యకు సిగ్గేసింది. పొద్దుటినుంచీ ఉప్పుతో చాకిరీ చేయించుకున్నాడు, తిన్నావా అని దాన్ని ఒక్కమాట అడగలేదు. 'నేనూ ఒక మనిషినేనా' అనుకుని, సైకిలు కింద విస్తరేసి పప్పన్నం వడ్డించాడు.

"చూడమ్మా నీ మొగుడి తెలివి!" అన్నాడు బసవయ్య వణుకుతూ.

గంగాలు వంగి, ఒక మెతుకు నోట్లో వేసుకుని, మొగుడి మీద కస్సుమంది. "చప్పగా ఉంది కదయ్యా! ఎలా తింటుంది పాపం?" అంటూ గుప్పెడు ఉప్పు తెచ్చి కలిపింది.

బసవయ్య కూతుర్ని చూశాడు. అల్లుణ్ణి చూశాడు. ఇక ఒక్కడే సైకిలెక్కి తొక్కాడు.

పేరయ్య విస్తరెత్తుకుని వెనకాలే పరుగెత్తాడు. "మామా, ఆగు! అది ఇంకా భోంచేస్తోంది!"