చూపులమ్మ కళ్ళు మూసుకున్న వాన

ఒకప్పుడు చుంచు నేల మీదే తిరిగేది. మీ వంటింట్లో కిచకిచలాడే చుంచు కాదు, మట్టి తవ్వే చుంచు సంగతి చెబుతున్నాను. అప్పట్లో దానికి రేగుపళ్ళంత కళ్ళుండేవి. అందుకే అందరూ దాన్ని చూపులమ్మ అనేవారు. ఉన్నది ఆ ఒక్క పేరే.

చూపులమ్మకు చూడటమంటే ప్రాణం. మంచుబొట్టును చూస్తూ తిండి మాట కూడా మరిచిపోయేది.

ఎండాకాలంలో నల్లరేగడి నేల నెర్రెలు విచ్చేది. లోపల చల్లగా ఉంటుందని చుంచుతల్లులు మధ్యాహ్నం పూట పిల్లల్ని ఆ నెర్రెల్లో పడుకోబెట్టేవి. అవే ఊయలలు. మబ్బు పట్టగానే మాత్రం పైకి తీసుకోవాలి. వాన పడితే నేల ఉబ్బి నెర్రె మూసుకుపోతుంది మరి!

ఒకరోజు చూపులమ్మ తన ఒక్కగానొక్క కూతురు చిట్టిని నెర్రెలో పడుకోబెట్టి గట్టున కూర్చుంది. పడమట మబ్బు లేచింది.

"మబ్బు పట్టింది, పిల్లను తీసుకోవే!" అంది పక్క గడ్డిలోంచి కంజుపిట్ట.

"ఇదిగో, లేస్తున్నా వదినా. చూడు, ఇందాక ఏనుగులా ఉందా, ఇప్పుడు పడవైపోయింది!"

చూపులమ్మ మనసు ఆ పడవెక్కి ఎటో వెళ్ళిపోయింది. ముక్కు మీద చినుకు పడ్డాక గానీ తెలివి రాలేదు. పరుగెత్తింది. నెర్రె దగ్గరికి చేరేసరికి వాన దంచేస్తోంది. నేలంతా నల్లగా, నున్నగా ఉంది. నెర్రె జాడే లేదు.

గబగబా తవ్వింది. తవ్విన మట్టి తవ్వినట్టే లోపలికి జారింది. అరచేతులు పక్కకు తిప్పి తోసింది. ఈసారి కళ్ళ నిండా మట్టి పడింది.

"నేలతల్లీ, నాకేం కనబడటం లేదే! నా బిడ్డేదీ?" అని ఏడ్చింది.

నేలతల్లి నిద్రలో మాట్లాడినట్టు మెల్లగా అంది. "కళ్ళు మూసుకో తల్లీ. మూసుకుని విను."

మూసుకుంది. వేర్లు నీళ్ళు తాగుతున్నాయి. ఎక్కడో ఒక విత్తనం ఒత్తిగిలింది. దానికి ఇంకా అవతల, బుల్లి ఊపిరి!

అటే తోసుకుంటూ పోయింది. వేలికి వెచ్చగా ఏదో తగిలింది. చిట్టి! ఇంకా నిద్రపోతూనే ఉంది. తల్లి దాన్ని కడుపుకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఇక నిన్ను వదిలి ఏదీ చూడనే" అంది.

మళ్ళీ పైకి రాలేదు. పైవాళ్ళకు కదిలే మట్టి ఒక్కటే కనబడేది. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. కంజుపిట్ట గుడ్డి చుంచు అంది. దున్నే రైతు మట్టెలుక అన్నాడు. గొర్రెల కాపరి నేలచుంచు అన్నాడు.

అప్పటినుంచే దానికి కళ్ళు మూతబడ్డాయి, అరచేతులు పక్కకు తిరిగాయి, పేర్లు బోలెడయ్యాయి. ఏ పేరుతో పిలిచినా పలకదు. మట్టిలో పిల్ల కదిలితే మాత్రం, ఎంత దూరాన ఉన్నా వచ్చేస్తుంది.