పగడాల తొట్టి మీద కొత్త దీపం

కామేశ్వరి గారికి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. విశాఖపట్నంలో ఆవిడ దగ్గర వయొలిన్ నేర్చుకున్నవాళ్ళందరికీ ఇది తెలుసు. ఎవరైనా ఏదైనా అడిగితే వాద్యాన్ని ఒళ్ళోంచి దింపి పక్కన పెట్టి, ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. అది ముగిశాక అర్థమైందా అని అడగరు.

ఒక సాయంత్రం మృణాళిని అనే శిష్యురాలు పాఠం అయిపోయినా లేవకుండా కూర్చుంది. ఆమె మొదటి పూర్తి కచేరీ దగ్గర పడుతోంది. పెద్ద రాగం ఒకటి ఎంచుకుని నెలల తరబడి సాధన చేసింది. అంతలో, తనకన్నా ముందునుంచీ నేర్చుకుంటున్న వాగ్దేవి పిలిచి, "ఈసారికి ఆ రాగం వద్దు, ఇంకా పండలేదు" అని చెప్పిందట.

"టీచర్‌గారూ, నాకు ఆ సభలో అవకాశం వచ్చిన రోజునుంచీ వాగ్దేవి అక్క నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అసూయతో చెప్పిన సలహాను వినాలా, విడిచెయ్యాలా? అది చెప్పండి చాలు" అని అడిగింది మృణాళిని.

కామేశ్వరి గారు వయొలిన్ పక్కన పెట్టి, "మా వీధిలో సన్యాసిరావు గారని ఒక లాయరు ఉండేవారు" అన్నారు. తరవాత ఆవిడ చెప్పిన సంగతి ఇది. సన్యాసిరావు గారు స్వయంగా చెప్పగా విన్నదేనట.

సన్యాసిరావు సివిల్ కేసుల్లో గట్టివాడు. ఎదుటి పక్షంవాడు ఒక మాట అంటే, ఆ మాట కంటే దాని వెనకున్న ఉద్దేశం పట్టుకోవడంలో ఆయనకు సాటి లేరని కోర్టులో పేరు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా హాల్లో పెట్టుకున్న ఉప్పునీటి తొట్టి. అందులో చేపలకన్నా పగడపు జీవులు ఎక్కువ. విదేశాల్లో పెంపకంలో పెరిగిన చిన్న చిన్న కొమ్మలను అన్ని అనుమతులతో తెప్పించి, ఏళ్ళ తరబడి సాకాడు. చూసేవాళ్ళు వాటిని మొక్కలంటారు గానీ అవి ప్రాణులు. నీళ్ళ ఉప్పు కొంచెం తేడా వచ్చినా ముడుచుకుపోతాయి. వాటిమీద వెలుగు కోసం పైన మెటల్ హేలైడ్ దీపం వేలాడుతుండేది. మామూలు ట్యూబులైటులా కాదు. ఎండ ముక్కను కోసి తెచ్చి ఇంట్లో కట్టినట్టుంటుంది. ఆదివారం వస్తే బంధువులు, తోటి లాయర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ తొట్టి చూడటానికి వచ్చేవారు. సన్యాసిరావు కుర్చీ లాక్కుని ఒక్కొక్క జీవి చరిత్రా చెప్పేవాడు. ఆయన భార్య మహాలక్ష్మి అందరికీ కాఫీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయేది.

ఆయన ప్రాణస్నేహితుడు ఇమ్మానుయేలు. కాలేజీలో ఒకే గదిలో ఉన్నారు. ఇమ్మానుయేలు చాలాకాలం ఓడల్లో ఇంజనీరుగా తిరిగి, ఊళ్ళోనే ఉద్యోగం చూసుకుని స్థిరపడ్డాక, సన్యాసిరావు తొట్టి చూసి తానూ ఒకటి పెట్టుకున్నాడు. నీళ్ళు కలపడం దగ్గర్నుంచి అన్నీ సన్యాసిరావే నేర్పాడు. తన తొట్టిలో అన్నిటికన్నా పెద్దదైన కొమ్మల పగడంలోంచి ఒక వేలెడు ముక్క విరిచి, తడిగుడ్డలో చుట్టి, స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు కూడా. ఇచ్చిన రోజున ఎంత సంతోషించాడో!

కొన్నాళ్ళకు ఒక ఆదివారం బొబ్బిలినుంచి తోడల్లుడు వచ్చాడు. తొట్టి ముందు నిలబడి కళ్ళు చిట్లించి, "అన్నయ్యా, ఇలాంటిదే ఇందాక దారిలో ఆగినప్పుడు ఇమ్మానుయేలు గారింట్లో చూశాను. అక్కడ ఊదారంగులో ఉంది, కొసలు నీలంగా మెరుస్తున్నాయి. మీదేమిటి, బెల్లం పాకంలా ఉంది?" అన్నాడు.

ఆ మాట సన్యాసిరావు గుండెలో ఎక్కడో దిగబడింది. ఆ సాయంత్రమే ఇమ్మానుయేలు ఇంటికి వెళ్ళాడు. నిజమే. తానిచ్చిన వేలెడు ముక్క గుబురుగా పెరిగి, ఊదా పట్టు కట్టుకున్నట్టు నిలబడి ఉంది. నీటి అలల నీడలు గోడమీదా పైకప్పుమీదా వెండి దారాల్లా కదులుతున్నాయి. తనకు తెలిసిన రెండు కుటుంబాలవాళ్ళు అప్పటికే సోఫాలో కూర్చుని ఆ తొట్టినే చూస్తున్నారు. ఆ ఆదివారం వాళ్ళు తన ఇంటికి రావలసినవాళ్ళు.

"బావుందిరా" అన్నాడు సన్యాసిరావు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు వచ్చింది ఆ మాట.

ఇమ్మానుయేలు పొంగిపోయాడు. "అంతా దీపం మహిమరా సన్యాసీ. పాత హేలైడ్ తీసేసి దానికన్నా పెద్దది వేశాను. నువ్వూ మార్చు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. తెచ్చిన రోజే పూర్తి వెలుగు పెట్టకు. బాగా పైకి కట్టు. కింద దోమతెర గుడ్డ మడతలుగా పరిచి, వారానికో మడత చొప్పున తీస్తూ రా. అవి అలవాటుపడాలి."

సన్యాసిరావు తలూపాడు. దారంతా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. వారానికో మడతట! తాను అన్నీ అనుభవిస్తూ నన్ను దోమతెర కింద కూర్చోమంటున్నాడు. వాడికి నీళ్ళలో ఉప్పెంత కలపాలో నేర్పింది నేను. వాడిప్పుడు నాకు దీపం ఎలా వెలిగించాలో చెబుతాడా? నేను మార్చానంటే నా తొట్టి ముందు వాడిది వెలవెలబోతుంది. అదీ వాడి భయం. ఇంటికి చేరేసరికి ఇది ఆయనకు అనుమానం కాదు, రుజువైన సంగతి.

ఇమ్మానుయేలు వేసినదానికన్నా పెద్ద దీపాన్ని, దానికి తగ్గ చోక్‌తో సహా తెప్పించాడు. ఎలక్ట్రీషియన్ ఎత్తులో కట్టబోతే, "ఇంకా కిందికి" అన్నాడు. స్విచ్ వెయ్యగానే కాసేపు మినుకుమినుకుమని, తరవాత హాలంతా తెల్లగా అయిపోయింది. మహాలక్ష్మి చీరకొంగు కళ్ళకడ్డం పెట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఇదేమిటండీ, ఇంట్లో వెల్డింగు పెట్టించారా?"

"నీకు తెలియదులే" అన్నాడాయన.

కొద్దిరోజుల్లోనే ఫలితం కనిపించింది. బెల్లం రంగు కరిగిపోసాగింది. దాని కిందనుంచి లేత గులాబీ, లేత నీలం, నీళ్ళలో కలిపిన పసుపులాంటి పసుపు పైకి వచ్చాయి. పెద్ద కొమ్మల పగడం లోపల దీపం పెట్టినట్టు మెరిసింది. అంత సుకుమారమైన రంగులు ఇమ్మానుయేలు తొట్టిలో లేవు. కోర్టునుంచి వస్తూనే బూట్లు విప్పకుండా తొట్టి ముందు కూర్చునేవాడు సన్యాసిరావు. అయితే, ఆ సంతోషం ఒక్కడూ అనుభవిస్తే సగమే అనిపించింది. మిగతా సగం ఇమ్మానుయేలు ముఖంలో ఉంది. టీకి పిలిచాడు.

ఇమ్మానుయేలు నవ్వుతూ వచ్చాడు. తొట్టి దగ్గరికి నడిచాడు. వంగి చూశాడు. ఆ నవ్వు అలాగే ముఖంమీద ఉండి, మెల్లగా ఆరిపోయింది. అద్దంమీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడలేదు.

సన్యాసిరావు ఆ ముఖాన్నే చూస్తున్నాడు. ఆయన కడుపు నిండినట్టయింది. అన్నాళ్ళుగా గొంతులో ఉన్న ముల్లు జారిపోయింది. మిఠాయి ముక్కను బుగ్గన పెట్టుకుని నెమ్మదిగా కరిగించుకున్నట్టు, ఆ మౌనాన్ని అనుభవించాడు.

"ఎలా ఉందిరా?" అన్నాడు చివరికి.

"సన్యాసీ, దీపం ఆపు."

"ఏం? కన్ను కుట్టిందా?" నవ్వుతూనే అన్నాడు. కానీ అది వేళాకోళం కాదని ఇద్దరికీ తెలిసింది.

ఇమ్మానుయేలు ముఖం ఎర్రబడింది. "ఇవి రంగులు రావడం కాదురా, రంగు పోవడం. వాటి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది. అదే వాటికి అన్నం వండి పెట్టేది. ఈ వెలుగు తట్టుకోలేక ఆ నాచును బయటికి తోసేస్తున్నాయి. నువ్వు చూస్తున్నది ఒట్టి చర్మం. ఇంకొన్నాళ్ళకు ఎముక కనపడుతుంది. ముందు ఆపు."

చెబుతూనే స్విచ్ బోర్డువైపు చెయ్యి చాపాడు. సన్యాసిరావు ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఒకే కంచంలో తిన్న రోజులున్న స్నేహితులు, హాలు మధ్య ఒకరి చెయ్యి ఒకరు బిగబట్టి నిలబడ్డారు.

"నా ఇల్లు, నా దీపం" అన్నాడు సన్యాసిరావు.

ఇమ్మానుయేలు చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు. మహాలక్ష్మి టీ కప్పులతో వచ్చేసరికి గుమ్మంలో చెప్పుల జత ఒకటి తగ్గింది. "ఏమన్నారాయన్ని?" అని ఆమె అడిగితే, "చూసి ఓర్వలేకపోయాడు. ఇంకేముంది" అన్నాడు సన్యాసిరావు. ఆ పూట ఆయనకు అన్నం మరింత హితవుగా అనిపించింది.

లేత గులాబీ ఇంకా లేతబడింది. నీలం పాలలా అయింది. ఒక ఉదయం మహాలక్ష్మి తొట్టి అద్దం తుడుస్తూ, "ఇదివరకు ఇది గులాబీ రంగన్నారు. ఇప్పుడు నాకు సున్నంలా కనపడుతోంది. నా కళ్ళదే లోపమా?" అంది. ఆయన చూశాడు. పెద్ద కొమ్మల పగడం కొసనుంచి మొదలుదాకా తెల్లగా ఉంది. దాని పక్కన పువ్వులా వేళ్ళు చాచుకుని బతికే జీవి ఒకటి ఉండేది. నారింజ చారల చేప ఒకటి ఎప్పుడూ దాని ఒళ్ళోనే పడుకునేది. ఆ వేళ్ళు ముడుచుకుపోయి పిడికెడైంది. చేప దానిచుట్టూ తిరిగి తిరిగి, మూతితో పొడిచి, చోటు దొరక్క మళ్ళీ తిరుగుతోంది. సన్యాసిరావు లేచి స్విచ్ తీసేశాడు. తీసేశాక ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఇమ్మానుయేలు పేరుదాకా వెళ్ళి, పక్కన పెట్టేశాడు. అలా ఎన్నోసార్లు. చచ్చిపోతున్న ప్రాణులకన్నా, 'వాడు చెప్పిందే నిజమైంది' అనే సంగతే ఆయన్ని ఎక్కువ కోసింది. ఆ మాట ఆయన తరవాత దాచుకోకుండా చెప్పాడట. చివరికి మహాలక్ష్మే చేసింది ఫోను. "అన్నయ్యగారూ, మీరోసారి రావాలి. ఆయన అడగరు, నేను అడుగుతున్నాను" అంది.

ఇమ్మానుయేలు ఆఫీసు బట్టలతోనే వచ్చాడు. పలకరింపు లేదు. చొక్కా చేతులు మడుచుకుని, దీపాన్ని కప్పుదాకా ఎత్తికట్టాడు. దానికింద గుడ్డ మడతలు పరిచాడు. ఉప్పునీళ్ళు కలిపి, తొట్టిలో సగం నీళ్ళు మార్చాడు. సన్యాసిరావు బకెట్లు అందించాడు. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళ మధ్య "ఇలా పట్టు", "ఇక్కడ పొయ్యి" తప్ప మరో మాట లేదు.

కొన్ని బతికాయి. నెలల మీద మెల్లగా రంగు తెచ్చుకున్నాయి. పువ్వులాంటి జీవి మళ్ళీ వేళ్ళు చాచింది. పెద్ద కొమ్మల పగడం మాత్రం దక్కలేదు. దాని ఎముకలమీద పచ్చటి పాచి పట్టింది. ఒకరోజు ఇమ్మానుయేలు తన తొట్టిలోంచి ఊదారంగు కొమ్మ ఒకటి విరిచి తెచ్చి, "నీదేగా, తీసుకో" అన్నాడు. సన్యాసిరావు రెండు చేతులా అందుకున్నాడు. అందుకుంటున్న క్షణంలో కూడా లోపల, 'ఇప్పుడు ఇచ్చే చెయ్యి వీడిదైంది' అని ముల్లు కదిలిందట. అయినా తీసుకున్నాడు. నీడ ఎక్కువున్న మూలన, రాళ్ళ మధ్య పెట్టాడు. స్నేహం నిలిచింది గానీ మునుపటిలా ఒకరి భుజాన ఒకరు చెయ్యి వేసుకోవడానికి చాలాకాలం పట్టింది.

కామేశ్వరి గారు ఇక్కడికి ఆపారు. కిటికీ బయట ఎవరో స్కూటరు స్టార్టు చేసి వెళ్ళిపోయారు. మృణాళిని చాపమీది నూలుపోగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆమెకు కథ నచ్చలేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి టీచర్‌గారూ" అంది చివరికి. "సన్యాసిరావు గారు పెట్టింది ఇమ్మానుయేలు గారి దీపంకన్నా పెద్దది కదా. ఆ రోజు ఈయన తొట్టి చూసినప్పుడు ఇమ్మానుయేలు గారికి లోపల ఇసుమంత అసూయ కూడా కలగలేదంటారా?"

కామేశ్వరి గారు వయొలిన్ అందుకుని, తీగ ఒకటి బిగిస్తూ అన్నారు.

"కలిగే ఉంటుందమ్మా. అయినా ఆపమన్నాడు."