పొలిమేర పట్టా

పులులకీ సింహాలకీ జరిగిన యుద్ధంలో, ఓడిన పులులు పోతూ పోతూ అడవికి నిప్పు పెట్టాయి. ఎద్దుల పోట్లాటలో దూడల కాళ్లు విరిగినట్టు, ఏ పక్షమూ పట్టని ఏదుపంది ఈరమ్మ బొరియ కాలి కూలిపోయింది. ఇద్దరు పిల్లలు. చూస్తే వానాకాలం ముంచుకొస్తోంది.

గెలిచిన సింహంరాజు దర్బారులో చాటించాడు: "ఇల్లు కాలినవాళ్లకి ఉత్తరపు పొలిమేరలో నేలిస్తున్నాం. పట్టాలు పుచ్చుకోండి!"

ఈరమ్మకో పట్టా దొరికింది. ఆమె వెనకే నక్క జోగినాథం వలవలా ఏడుస్తూ వచ్చాడు. "ప్రభూ! తాతలనాటి బొరియ, బూడిదైపోయింది!"

అతగాడి బొరియకి మసైనా అంటలేదని ఈరమ్మకి తెలుసు. అయినా అతనికీ దక్కిందో పట్టా.

మర్నాడే ఈరమ్మ నేల చూసుకోవడానికి వెళ్లింది. అక్కడో ఎలుగుబంటి చెట్టుకి వీపు రుద్దుకుంటున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"రాజుగారు ఈ నేల నాకిచ్చారయ్యా."

"ఏ రాజు? ఏడు తరాలుగా మేమిక్కడే ఉన్నాం. పిల్లల తల్లివని ఊరుకుంటున్నా. వచ్చిన దారినే వెళ్లు."

ఈరమ్మ తిరుగుముఖం పట్టింది. దారిలో జోగినాథం ఎదురయ్యాడు.

"నేలెలా ఉంది వదినా?"

"బంగారంలా ఉంది మరిదీ. కానీ ఎలుగుబంట్లున్నాయి. వెళ్లకు."

నక్క కళ్లు మెరిశాయి. 'నన్ను బెదరగొట్టి నా వాటా కూడా నొక్కేద్దామనా!'

"అంత భయమైతే నీ పట్టా నాకిచ్చెయ్. బదులుగా నా బొరియ తీసుకో."

"అది కాలిపోయిందన్నావుగా?"

"ఆ మాట దర్బారుకి! మనలో మనకి దాపరికమేంటి?"

"మళ్లీ చెప్తున్నా, అక్కడ ఎలుగుబంట్లు..."

"ఇటివ్వు వదినా!"

ఇచ్చేసింది. పొద్దుగూకేలోపు పిల్లలతో బొరియలో చేరింది.

నాలుగో రోజున జోగినాథం సగం తోకతో కుంటుకుంటూ దర్బారులో పడ్డాడు. "ఆ నేల నాకొద్దు ప్రభూ! ఇవిగో, నాదీ ఈరమ్మదీ రెండు పట్టాలూ! ఈరమ్మ నా బొరియలో తిష్ఠ వేసింది. ఖాళీ చేయించండి!"

ఈరమ్మని పిలిపించారు. వచ్చి నిలబడింది.

సింహంరాజు జూలు గోక్కున్నాడు. "ఏ బొరియ? నీది బూడిదైందని ఏడ్చావుగా? కాలిందా, లేదా?"

కాలలేదంటే దొంగ పట్టాకి తల పోతుంది. కాలిందంటే బొరియ పోతుంది. జోగినాథం కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడాడు.

"కాలింది ప్రభూ..."

"మరింకేం? రెండు పట్టాల ఆసామివి, పోయి నీ నేల చూసుకో!"

ఈరమ్మ తల దించుకుని నవ్వాపుకుంది. "రెండుసార్లు చెప్పాను మరిదీ."

అబద్ధాలతో బతికేవాడికి ఎదుటివాడు చెప్పే నిజం కూడా అబద్ధంలాగే వినబడుతుంది.